కథానాయికకు ‘పొగరు’ ఎవరు పెట్టారు?

మన సినిమాల్లో ఒక తమాషా గమనించారా? హీరో ఎవరికీ తలవంచకపోతే అది ఆత్మాభిమానం. అదే పని హీరోయిన్ చేస్తే పొగరు! మొదటి మూడు రీళ్ళలో ఆ పిల్ల కారు దిగుతూ ఎవరినో కసురుతుంది. కాలేజీలో అందరి ముందూ హీరోని ఒక మాట అనేస్తుంది. అంతే... ఇంటర్వెల్ దాటాక ఈ పొగరు దిగుతుందని హాల్లో కూచున్న మనకందరికీ తెలిసిపోతుంది. ఆ దిగే ఘట్టం కోసం ఎదురుచూస్తాం. దిగినప్పుడు ఈలలు మోగుతాయి. ఆ ఈలల మధ్య కూచుని నేను చూసిన సినిమాలకి లెక్కలేదు. అంచేత ఆ హుషారు నాకు తెలియనిదేం కాదు.

స్త్రీవాదం అన్న మాట వినగానే కొందరు మిత్రులు కుర్చీలో ఇబ్బందిగా కదులుతారు. ఇంకేముంది, పాటలొద్దు, ఫైట్లొద్దు అంటారు కాబోలని భయం! కంగారు పడకండి. ఏ సినిమానీ చూడొద్దని నేను చెప్పబోవడం లేదు. ఒక్క ‘పొగరు’ అనే మాటని పట్టుకుని, అది మన నవలల్లో ఎలా ఉండేది, తెర మీదికి వచ్చేసరికి ఏమైంది అని చూద్దామనే నా ప్రయత్నం.

ముందు అందరికీ ఇష్టమైన సినిమాతోనే మొదలుపెడదాం. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉండి కూడా సినిమాకి సూర్యకాంతం పాత్ర పేరు పెట్టిన చిత్రం! అంతటి గౌరవం ఏ గయ్యాళికి దక్కింది చెప్పండి? అయితే ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. సవితి కూతురు లక్ష్మి (సావిత్రి) నోరెత్తకుండా చాకిరీ చేస్తుంది. సొంత కూతురు సరోజ (జమున) అద్దం ముందు నుంచి లేవదు. పెళ్ళయ్యాక ఏం జరుగుతుందో మీకు తెలుసు. లక్ష్మి ఓర్పుకి బహుమానం దొరుకుతుంది. సరోజకేమో బుద్ధి వచ్చే ఏర్పాటు జరుగుతుంది. మొగుడు బీదవాడిగా నటించి, ఆమెని తీసుకుపోయి తోటపనిలో పెడతాడు. షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ చదివినవాళ్ళకి ఈ వరస కొత్తగా అనిపించదు. సరదాగా తీశారు, సరదాగానే చూశాం, ఇప్పుడు టీవీలో వచ్చినా నేను లేచి వెళ్ళను. కానీ సరోజ చేసిన నేరం ఏమిటి? సోమరితనం. బడాయి. ఆ రెండూ మన హీరోలు ఎందరికి లేవు కనుక! వాళ్ళలో ఎవరి భార్య వచ్చి వాళ్ళ చేత మట్టి మోయించింది?

ఇక్కడ ఒక చిన్న ఆట చెబుతాను. 1985లో ఎలిసన్ బెక్డెల్ అనే అమెరికన్ కార్టూనిస్టు తన బొమ్మల కథలో ఒక పాత్ర చేత సరదాగా ఒక షరతు చెప్పించింది. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాకుండా ఇంకేదైనా అయివుండాలి. అలాంటి సినిమా అయితేనే చూస్తానంటుంది ఆ పాత్ర. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మీకు బాగా ఇష్టమైన పది సినిమాలు రాసుకుని సరిచూడండి, ఎన్ని గట్టెక్కుతాయో! ‘గుండమ్మ కథ’ మాత్రం హాయిగా పాసైపోతుంది. గుండమ్మ లక్ష్మికి పురమాయించే ఇంటిపనుల జాబితా ఒక్కటి చాలు. అంటే ఆ పరీక్ష పాసైనంత మాత్రాన సరోజకి తోటపని తప్పలేదన్నమాట. ఆడవాళ్ళు ఎంత సేపు మాట్లాడారన్నది ఒక లెక్క. వాళ్ళ మాట చివరికి ఎవరి పంతం ముందు ఓడిపోయిందన్నది ఇంకో లెక్క.

నవలలో ఎవరు ఎవరిని చూస్తున్నారు?

సరిగ్గా ఆ రోజుల్లోనే పత్రికల్లో ఇంకో రకం అమ్మాయి పుట్టింది. 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ సీరియల్‌గా వచ్చింది. అప్పటినుంచి సుమారు రెండు దశాబ్దాలు వారపత్రికల్ని నడిపింది రచయిత్రులే అంటే పెద్ద అతిశయోక్తి కాదు. మగ రచయితలు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసిన కాలం అది! అద్దె పుస్తకాల షాపుల్లో ఒక్కో నవల అట్ట ఊడిపోయి, మళ్ళీ బైండు చేయించుకుని, మళ్ళీ ఊడిపోయేది.

ఆ నవలల మీద పెద్దలకి చిన్నచూపు. కలలు అమ్ముతారన్నారు. ఆరడుగుల హీరో, పెద్ద కారు, మేడ, చివరికి పెళ్ళి అని వెక్కిరించారు. వెక్కిరింతలో నిజం లేకపోలేదు. మధ్యతరగతి పిల్ల ఎంత ఆత్మాభిమానం చూపించినా ఆఖరి పేజీలో ఆ మేడమెట్లు ఎక్కాల్సిందే. తోటి రచయిత్రుల్లోనే రంగనాయకమ్మ దారి వేరు. ఆమె నవలల్లో పెళ్ళితో కథ కంచికి వెళ్ళదు, అసలు తగువు పెళ్ళి తర్వాతే మొదలవుతుంది.

అయినా నా మట్టుకు నాకు ‘సెక్రటరీ’లో ఒక సంగతి చాలా గొప్పగా కనబడుతుంది. అందులో చూసేది జయంతి, కనబడేది రాజశేఖరం. అతని ఎత్తు, అతని నడక, వేసుకున్న బట్టలు, కారు నడిపే తీరు... ఇవన్నీ ఒక ఉద్యోగం చేసుకునే అమ్మాయి కళ్ళలోంచి మనకి తెలుస్తాయి. అతను మంచివాడా కాదా, నమ్మాలా వద్దా అని తేల్చుకోవాల్సింది ఆమె. కథంతా ఆ తేల్చుకోవడమే! తెలుగిళ్ళలో పెళ్ళిచూపులనాడు తలవంచుకు కూచునే పిల్లలకి, ఒక మగవాణ్ణి తీరిగ్గా ఎగాదిగా చూసే హక్కు ఆ పుస్తకం ఇచ్చింది. పేజీ మధ్యలో వేలు పెట్టి, వంటింట్లోంచి అమ్మ పిలిస్తే “ఆఁ వస్తున్నా” అంటూ కదలకుండా కూచున్న ఆ అరగంట కూడా వాళ్ళ సొంతమే. 1984లో జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు అక్కడి ప్రేమ నవలల పాఠకురాళ్ళతో మాట్లాడి రాసిన పుస్తకంలో ఇలాంటి సంగతే చెప్పింది. ఇంటిల్లిపాదికీ సేవ చేసే మనిషి తనకంటూ మిగుల్చుకునే కాస్త సమయం అది.

1976లో ఆ ‘సెక్రటరీ’ సినిమా అయింది. రామానాయుడు నిర్మాత, కె.ఎస్. ప్రకాశరావు దర్శకుడు, అక్కినేని, వాణిశ్రీ. జనం బ్రహ్మాండంగా ఆదరించారు. కానీ గమనించండి, కెమెరా అటునుంచి ఇటు తిరిగిపోయింది. ఇప్పుడు చూసేది హీరో, కనబడేది హీరోయిన్. వాణిశ్రీ చీరకట్టు, వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ నవ్వు! అంతకు ముందేడు, 1975లో, లారా మల్వీ అనే బ్రిటిష్ రచయిత్రి ఒక వ్యాసంలో సరిగ్గా ఈ విషయమే రాసింది. సినిమాలో చూపు మగవాడిది, ఆడది చూడబడే బొమ్మ అని. హాలీవుడ్ గురించి రాసిన మాట అది. మన సినిమాకి మాత్రం అతకదంటారా?

నవల సినిమా అయ్యేటప్పుడు ఇంకో మార్పు కూడా జరుగుతుంది. అంతకు అయిదేళ్ళ ముందు ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు, ఇదే జంటతో వచ్చిన ‘ప్రేమనగర్’ (1971) తీసుకోండి. కోడూరి కౌసల్యాదేవి నవల. అందులోనూ హీరోయిన్ సెక్రటరీయే! కుటుంబభారం మోస్తున్న లత, తాగుబోతు జమీందారు కల్యాణ్ దగ్గర ఉద్యోగంలో చేరుతుంది. అతణ్ణి మనిషిని చేస్తుంది. తీరా ఆమె మీద దొంగతనం నింద పడ్డప్పుడు అతనూ అనుమానించాడని గుండె పగిలి వెళ్ళిపోతుంది. తర్వాత అతనొచ్చి ఎంత బతిమాలినా మెత్తబడదు. ఆ ‘కాదు’ అన్న మాటే ఈ కథకి ప్రాణం. మరి సినిమా చూసి బయటికొచ్చిన జనం ఎవరి కోసం ఏడ్చారు? కల్యాణ్ కోసం! విషాదం పాటలు అతనివి, గడ్డం అతనిది, దగ్గు అతనిది. లత అభిమానం అతని కష్టానికి కారణంగా మిగిలింది. ఒప్పుకోదేం ఈ పిల్ల, ఇంత పట్టుదలా అని హాల్లో నిట్టూర్పులు. ఆత్మాభిమానం మెల్లిగా పొగరుగా మారడం అక్కడే మొదలైందని నా అనుమానం. వాణిశ్రీ కాబట్టి ఆ పాత్ర పరువు దక్కించింది. మెడ నిటారుగా పెట్టి ఆమె నడిచి వెళ్ళిపోతుంటే, బతిమాలుతున్న అక్కినేని కూడా ఒక అడుగు పొట్టిగా కనిపిస్తారు.

అదే వాణిశ్రీ... అత్తగా!

ఇప్పుడు పదమూడేళ్ళు ముందుకి రండి. 1989, ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’. చిరంజీవి హీరో, విజయశాంతి హీరోయిన్. మరి ఐశ్వర్యమదంతో విర్రవీగే అత్తగారు? మన వాణిశ్రీ! అదే నిటారు మెడ. అదే కనుబొమ ఎగరేయడం. ‘ప్రేమనగర్’లో మనం చేతులెత్తి మొక్కిన ఆ ఠీవినే, ఇక్కడ అల్లుడు వచ్చి ఎప్పుడు దించుతాడా అని కాచుకు కూచున్నాం. మరుసటేడు ‘బొబ్బిలి రాజా’లో రాజకీయాధికారం చేతిలో ఉన్న మనిషిగా మళ్ళీ ఆమే, 1993లో ‘అల్లరి అల్లుడు’లో మళ్ళీ ఆమే. ‘నారీ నారీ నడుమ మురారి’ (1990)లో ఊర్వశి శారద. జాతీయ ఉత్తమనటి బహుమతి మూడుసార్లు అందుకున్న శారద! 1995లో ‘అల్లుడా మజాకా’లో లక్ష్మి. ఆమె కూడా జాతీయ బహుమతి అందుకున్న నటే. ఆ చిత్రం మీద మహిళా సంఘాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి.

నిన్నటి హీరోయిన్లకి పెద్ద వేషాలు దొరికాయి కదా, సంతోషించక ఏమిటీ గోల అంటారేమో. దొరికాయి, నిజమే. వాణిశ్రీ ఆ వేషాల్ని దుమ్ము దులిపేసిందన్నదీ నిజమే. కానీ ఆ పాత్రల్ని ఒకసారి విడదీసి చూడండి. ఆస్తి ఆమె పేరున ఉంటుంది. ఫ్యాక్టరీ ఆమె నడుపుతుంది. నిర్ణయాలు ఆమెవి. మొగుడు ఉంటే నోరులేనివాడు, లేకపోతే గోడ మీద దండ వేసిన ఫొటో. అంటే ఒక ఆడది తన కాళ్ళ మీద తాను నిలబడి సంస్థని నడిపిస్తోందన్నమాట. అదే పని మగవాడు చేస్తే ఆయన ఊరికి పెద్దమనిషి, ‘పెద్దరాయుడు’! ఆడది చేస్తే ఒక కుర్రాడు, బీద కుర్రాడు, వచ్చి ఆమె కూతురి మెడలో తాళికట్టి, ఆమె ఇంట్లోనే తిష్ఠవేసి, నానా హంగామా చేసి ఆమె చేత క్షమాపణ చెప్పించాలి. నేల టిక్కెట్టు కుర్రాడికి అందులో డబ్బున్నవాళ్ళ మీద గెలిచిన ఆనందం ఉంది, దాన్ని నేను కాదనను. కాకపోతే డబ్బు మదాన్ని ఓడించడానికి ప్రతిసారీ ఆడమనిషే ఎందుకు దొరికింది?

అత్తగారి మాట వచ్చింది కాబట్టి భానుమతిని తలుచుకోకపోతే తప్పు. పరిశ్రమలో ‘పొగరు’ అన్న మాట ఆమెకి అంటించినంతగా ఎవరికీ అంటించలేదు. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో స్వయంగా డైరెక్టు చేసిన మనిషికి పొగరు కాక ఏముంటుంది మరి! ఆవిడ రాసిన ‘అత్తగారి కథలు’ చదవండి. ఆ అత్తగారూ పెత్తనం చేస్తుంది, మొండిపట్టు పడుతుంది, అభాసుపాలవుతుంది. చెప్పేది కోడలు. అయినా ఎక్కడా ఆమెని ఓడించి చప్పట్లు కొట్టించుకోవాలనే ఆత్రం లేదు. పక్కన కూచుని నవ్వుకునే చనువు తప్ప.

విజయశాంతి సంగతేమిటి, ‘ప్రతిఘటన’ (1985) లేదా అని మీరు అడుగుతారు. ఉంది! టి. కృష్ణ తీసిన ఆ చిత్రంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డ లెక్చరర్ని నడివీధిలో అవమానిస్తే, కట్టుకున్న మొగుడే వెనకడుగు వేస్తాడు. ఆమె వెయ్యదు. 1990లో ‘కర్తవ్యం’ ఆమెకి జాతీయ ఉత్తమనటి బహుమతి తెచ్చింది. ఆ రెండు సినిమాలకి కాలేజీ పిల్లలు గుంపులుగా వెళ్ళారు. నాకున్న పేచీ ఒక్కటే. మన సినిమా ఆడదాని కోపాన్ని ఒప్పుకోవాలంటే ఆమెకి ముందు ఘోరమైన అవమానం జరిగి ఉండాలి, లేదా ఒంటి మీద ఖాకీ ఉండాలి. ఊరికే, ఏ కారణమూ చెప్పకుండా, “నాకు ఇష్టంలేదు” అంటే చెల్లదు.

‘కాదు’ అంటే ‘కాస్త ఆగు’ అనా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, అందులోనూ మీ వయసువాళ్ళకి. హీరోయిన్‌కి పొగరు ఉందనేశాక, ఆమె చెప్పే ‘కాదు’కి విలువ పోతుంది. అది లోపలి ఇష్టాన్ని కప్పిన బెట్టు అయిపోతుంది. ఇక హీరో పని సులువు. బస్సు వెంట పరిగెత్తడం, కాలేజీ గేటు దగ్గర కాపు వెయ్యడం, స్నేహితుల్ని వెంటేసుకుని చుట్టూ తిరిగి పాట పాడడం. ఇన్ని చేశాక నాలుగో రీలులో ఆమె నవ్వుతుంది. నవ్వకపోతే కథ నడవదు కనుక!

తెర బయట ఆ నవ్వు గ్యారంటీ లేదు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ప్రేమని కాదన్నదన్న కక్షతో. ఒక అమ్మాయి ప్రాణం పోయింది. ఆ పని ఏదో సినిమా చూసి చేశారని నేను అనడం లేదు, అలా అనడం తేలిక, తప్పు కూడా. కానీ ఒక అమ్మాయి వద్దంటే దాన్ని తనకి జరిగిన అవమానంగా తీసుకునే అలవాటు ఒకటుంది చూశారూ, దానికి మనందరం కలిసి పాటలు కట్టాం, ఈలలు వేశాం. చట్టానికి మాత్రం ఈ సంగతి ఆలస్యంగానైనా తట్టింది. ఇష్టంలేదన్న అమ్మాయి వెంటపడడం నేరమని 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు. మరుసటేడు హైదరాబాదులో షీ టీములు వచ్చాయి. మన పాత హిట్ పాటల చిత్రీకరణ చూస్తుంటే, సగంమంది హీరోల్ని ఆ టీములు పల్లవి పూర్తికాకుండానే పట్టుకుపోయేవి!

2017లో రెండు సినిమాలు నెల రోజుల తేడాలో వచ్చాయి. రెంటినీ కుర్రకారు నెత్తిన పెట్టుకున్నారు. ‘అర్జున్ రెడ్డి’లో హీరో ఆ అమ్మాయిని ముందు తనదని కాలేజీకి ప్రకటిస్తాడు, తర్వాతే ఆమె గొంతు మనకి వినబడుతుంది. తీసిన తీరు, నటన, నేపథ్య సంగీతం అన్నీ గొప్పవే. అందుకే మరీ దిగులు. పని రానివాడు తీస్తే నవ్వి ఊరుకునేవాళ్ళం. ‘ఫిదా’లో సాయిపల్లవి వేసిన భానుమతికి, ఆ పేరు ఊరికే పెట్టలేదేమో, చచ్చేంత పొగరు. బాన్సువాడ వదలనంటుంది, నాన్నని వదలనంటుంది, తెలంగాణ యాసలో కడిగిపారేస్తుంది. చివరికి ఊరు మారేది హీరో! శేఖర్ కమ్ములే 2004లో ‘ఆనంద్’లోనూ ఇలాంటి పిల్లనే చూపించాడు. కాబోయే అత్తవారి పెత్తనం నచ్చక పెళ్ళి పీటల దాకా వచ్చిన సంబంధాన్ని రూప వద్దనేస్తుంది. దర్జాగా ఉంది కదూ? అయితే ఆ వెంటనే హీరో ఆమె పక్కింట్లో అద్దెకి దిగిపోతాడు. ఒక ఆడపిల్ల నాలుగు రోజులు ఒంటరిగా ఊపిరి పీల్చుకోవడం మన కథలకి ఇంకా చేతకాలేదని నాకు అప్పుడే అనిపించింది. ఆ చేతకావడం ఇన్నాళ్ళకి, 2025లో వచ్చిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’లో కనబడింది. తనని కట్టిపడేసే ప్రేమికుణ్ణి వదిలి రష్మిక నడిచి వెళ్ళడమే అందులో కథ, రాహుల్ రవీంద్రన్ దర్శకుడు. ప్రేమలో ఉన్న జంట గురించి, మగ దర్శకుడు తీసిన సినిమా! కనుక మగవాళ్ళు తియ్యలేరనే వాదన నాకు రుచించదు.

ఆడవాళ్ళు తీస్తే ఏమవుతుందో చూసే అవకాశమే మనకి తక్కువగా వచ్చింది. విజయనిర్మల 44 చిత్రాలకి దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ బుక్కు కెక్కింది. అందులో తొలినాటి చిత్రం, 1973 నాటి ‘మీనా’, యద్దనపూడి నవలే. రాసింది, తీసింది, వేషం వేసింది అందరూ ఆడవాళ్ళే. డబ్బున్న తల్లి పెత్తనం కింద పెరిగిన అమ్మాయి తనంత తానే పల్లెటూరి బంధువుల ఇంటికి వెళ్ళి, తన బతుకు తాను ఎంచుకుంటుంది. ఇక్కడా అహంకారి తల్లి ఉంది, గమనించారా? కానీ ఆమెకి ఎదురు నిలిచేది అల్లుడు కాదు, కూతురు. (2016లో ‘అ ఆ’ చూస్తున్నప్పుడు ఈ కథ ఎక్కడో చదివామే అని తల గోక్కున్నవాళ్ళు చాలామంది.)

ఇంకొక్కటి చెప్పాలి. 2019లో నందినీరెడ్డి ‘ఓ బేబీ’ తీసింది. కొరియన్ చిత్రం ఆధారం. అందులో కొడుకు ఇంట్లో పెత్తనం చెలాయిస్తూ, కోడల్ని సాధిస్తూ, అందరి మీదా నోరు పారేసుకునే ముసలావిడ సావిత్రి. ఆ వేషం ఎవరు వేశారనుకున్నారు? ‘అల్లుడా మజాకా’లో అత్త వేసిన అదే లక్ష్మి! ఇరవైనాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే పొగరు, అదే నోరు. కాకపోతే ఈసారి కథ ఆగి వెనక్కి చూసింది. చిన్న వయసులోనే మొగుడు పోయి, చంటిబిడ్డని చంకనేసుకుని ఒంటరిగా నెట్టుకొచ్చిన మనిషి అలా కాక ఇంకెలా తయారవుతుందని మనకి చూపించింది. పైగా ఆవిడకి పోయిన వయసుని కొన్నాళ్ళపాటు తిరిగిచ్చి, సమంతగా మార్చి, పాడుకోమని వదిలేసింది. నేను చూసిన రోజు హాల్లో ఈలలు బాగానే పడ్డాయి. ఆవిడ నోరు మూయించినందుకు మాత్రం కాదు.